కంచే చేను మేసే జబ్బు

కిందటేడు మిరప కోతల రోజుల్లో సంఘం పని మీద పల్నాడులో ఒక ఊరు పోయాను. కల్లం దగ్గర ఒక తల్లి నా చేయి పట్టుకుంది. "అన్నా, మా పిల్లకి గాలి సోకిందంటున్నారు, నువ్వొచ్చి చూడు" అంది. పిల్లకు పంతొమ్మిదేళ్లు. వారం కిందటి దాకా అందరితో పాటు కోతకు పోయింది. ఇప్పుడు నిద్ర లేదు. ఎవరో పిలుస్తున్నారంటుంది, ఉన్నట్టుండి ఏడుస్తుంది. చేతబడి అని కొందరు, పురుగుమందు తలకెక్కిందని కొందరు.

తాయెత్తు అయింది. ఊళ్లో ఆర్.ఎం.పి. సూదులు అయినాయి. పట్నంలో ఒక ఆసుపత్రి వాళ్లు పిచ్చి అని మాత్రలిచ్చి పంపారు. పదో రోజున ఫిట్స్ వచ్చాయి, మాట పడిపోయింది, మూతి దానంతటదే కదలడం మొదలుపెట్టింది. చివరికి ఒక నరాల డాక్టరు చూసి, వెన్నులో నీరు తీయించి పరీక్షకు పంపారు. ఫలితం రావడానికి మరి కొన్ని రోజులు. ఈలోగా తండ్రి ముఠా మేస్త్రి దగ్గర వచ్చే ఏటి కూలికి బయానా తీసుకున్నాడు. చాలక నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చాడు.

ఆ జబ్బు పేరు ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్. బయటి రోగాలతో పోరాడవలసిన ఒంట్లోని రక్షణ శక్తి తిరగబడి సొంత మెదడు మీదే పడుతుంది. కంచే చేను మేయడమంటే ఇదే. ఇందులో ఈ పిల్లకు వచ్చిన రకాన్ని 2007లో అమెరికాలో జోసెప్ డాల్మావ్ అనే డాక్టరు, ఆయన తోటివారు గుర్తించారు. వయసులో ఉన్న ఆడవాళ్లలో ఎక్కువ. కొందరిలో అండాశయంలోని గడ్డ దీనికి మూలం. అంతకుముందు ఇలాంటి వాళ్లు ఎందరు పిచ్చివాళ్లన్న పేరుతో గొలుసుల్లో పోయారో ఎవరు లెక్కగట్టారు?

పురుగుమందు అనుమానం తప్పు కాదు. పత్తి చేలల్లో, మిరప తోటల్లో మనం కళ్లారా చూసేదే. కానీ మోనోక్రోటోఫాస్ వంటి మందు ఒంటికి పడితే గంటల్లోనే చెమటలు, చొంగ, వాంతులు వస్తాయి, కంటిపాప సూదిమొనంత అవుతుంది. ఈ జబ్బు రోజులు, వారాల మీద ముదురుతుంది. ఏదైనా దారి ఆసుపత్రికే గానీ భూతవైద్యుడి గుమ్మానికి కాదు.

దీనికి వైద్యం లేదా? ఉంది. మొదట స్టెరాయిడ్ సూదులు, ఇమ్యునోగ్లోబులిన్, ప్లాస్మా మార్పిడి. లొంగకపోతే రిటుక్సిమాబ్. గడ్డ ఉంటే ఆపరేషను. 2013లో వెలువడ్డ ఒక పరిశీలనలో 577 మంది రోగులను చూస్తే, రెండేళ్లకు నూటికి 80 మంది దాకా బాగా కోలుకున్నారు. మందు ఎంత తొందరగా పడితే అంత మేలని అందులోనే తేలింది. అంటే కూలి ఇంట్లో పోయిన ప్రతి రోజూ ఆ పిల్ల మెదడులోంచి పోయినట్టే.

ఇమ్యునోగ్లోబులిన్ కిలో బరువుకు మొత్తం 2 గ్రాములు ఎక్కిస్తారు. 50 కిలోల మనిషికి 100 గ్రాములు. 5 గ్రాముల సీసాలైతే 20. బయట కొంటే లక్షల మాట. ఆ మందు తయారయ్యేది దాతల రక్తంలోని ప్లాస్మా నుంచి. రక్తదాన శిబిరాల్లో పడుకున్నవాళ్లలో మన కూలి కుర్రాళ్లు లేరా? రక్తం ఉచితం, సీసా లక్షలా?

2025 ఫిబ్రవరిలో ప్రకాశం జిల్లా స్త్రీ ఒకరు గిలియన్ బారే జబ్బుతో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో చనిపోయారు. అదీ ఈ కోవదే, కాకపోతే కాళ్లు చేతుల నరాల మీద పడేది. దానికీ ఇదే ఇమ్యునోగ్లోబులిన్. పత్రికల్లో గగ్గోలు లేచాక, ఇంజక్షన్లు ఉన్నాయని ప్రభుత్వం ప్రకటించింది. మంచిదే. పత్రికకెక్కిన జబ్బుకు దొరికే మందు పేరు తెలియని జబ్బుకూ దొరకవద్దా?

కార్డు ఉంది కదా అంటారు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైంది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. కాదనం. కానీ మా అనుభవంలో కూలి కుటుంబం మునిగేది జబ్బు పేరు తేలక ముందే. బస్సు చార్జీలు, స్కానింగులు, తోడున్నవాళ్ల పోయిన కూలి ఏ కార్డులోకి వస్తాయి?

జ్వరాలకే దిక్కులేదు, అరుదైన జబ్బుకు ఇంత గోలెందుకని ఒక మిత్రుడు అడిగాడు. నరాల డాక్టరు ఉంటే పక్షవాతానికీ, ఫిట్స్‌కూ, మెదడుకు పట్టే క్షయకూ పనికొస్తాడు. ఇది ఒక్క పిల్ల కోసం అడిగేది కాదు.

కనుక మనం అడగవలసినవి:

1. నరసరావుపేట, మార్కాపురం వంటి చోట్ల ప్రభుత్వ ఆసుపత్రుల్లో వారానికి కొన్ని రోజులైనా నరాల డాక్టరు ఉండాలి.

2. వెన్నునీటి పరీక్ష ఖర్చు సర్కారుదే కావాలి. డాక్టరుకు అనుమానం గట్టిగా ఉంటే ఫలితం రాకముందే మందు మొదలుపెట్టడానికి అనుమతి ఉండాలి.

3. రోగికి, తోడు మనిషికి దారి ఖర్చు, పోయిన కూలి ఇవ్వాలి.

4. ఆశా కార్యకర్తలకు, ఊరి ఆర్.ఎం.పి.లకు ఈ గుర్తులు చెప్పాలి.

సంఘం కార్యకర్తలకు ఒక మాట. నిన్నటి దాకా బాగున్న మనిషి రోజుల్లో మారిపోయి, ఫిట్స్ గానీ మాట తడబాటు గానీ తోడైతే, వెంటనే నరాల డాక్టరున్న ఆసుపత్రికి తీసుకుపోండి. మెదడువాపు కావచ్చునా అని నోరు తెరిచి అడగండి.

ఆ పిల్లకు గడ్డ తీశారు. నెలలు పట్టింది గానీ లేచింది. ఈ ఏడు కల్లంలో తాలుకాయలు ఏరుతుంటే చూశాను. ఆ రోజులేవీ తనకు గుర్తులేవట. అప్పు మాత్రం తండ్రికి గుర్తుంది, మేస్త్రికీ గుర్తుంది. వైద్యశాస్త్రం ఆ పిల్లను బతికించింది. ఆ అప్పు నుంచి ఇంటిని బతికించవలసింది ప్రభుత్వం. అడిగించవలసింది మనం.