మంచుదీపమునకు స్వాతంత్ర్యము

చలికాలపు తెల్లవాఱుజామున మోటారుబండినెక్కి దూరప్రయాణము చేసినవారిలో పెక్కుమందికి ఒక యనుభవము కలిగియుండును. మంచు దట్టముగా క్రమ్మియుండ, దారి కానరాక, బండి నడుపువాడు హెడ్‌లైట్ల కాంతిని హెచ్చించును. దారి కనబడుటకు మాఱు కన్నులయెదుట తెల్లనిగోడ యొకటి లేచి నిలుచును. కంగారుపడి డిమ్ము చేయును. గోడ కొంచెము వెనుకకు జరుగునుగాని పోదు. అప్పుడు, బండి ముందుభాగమున క్రిందుగా తాను వెలపోసి పెట్టించుకొన్న మంచుదీపములు, వాడుకలో ఫాగ్ లైట్లనునవి, ఉన్నవన్న సంగతి జ్ఞప్తికి వచ్చును. వానిని వెలిగించి హెడ్‌లైట్ల నార్పును. హెడ్‌లైట్లతోపాటు మంచుదీపములును ఆఱిపోవును! ఏ సమయమునకై వానిని కొనెనో ఆ సమయముననే యవి పనికిరాకపోయినవి. ఈ విచిత్రమునకు కారణము మంచు కాదు, దీపమును కాదు. లోపలి తీగ.

తీగ సంగతి యెత్తుకొనుటకు ముందు మంచు స్వభావమును గూర్చి రెండుమాటలు చెప్పవలసియున్నది. మంచనగా నేలనంటి వ్రేలాడు మేఘమే. కంటికానని నీటితుంపురులు లెక్కకు మిక్కిలిగా గాలిలో తేలుచుండును. వానిపై పడిన వెలుతురు నలుగడలకును చెదరి, అందు కొంత నడుపువాని కన్నులకే మరలివచ్చును. బ్రైటులైటు నేలకు సమానాంతరముగా దూరమునకు పోవునది గావున, కన్నునకును దారికిని నడుమనున్న మంచునంతటిని తెల్లగా వెలిగించును. డిమ్ములైటు క్రిందికి వంగినదే యైనను కంటియెత్తునకు చేరువనుండి బయలుదేఱునదగుటచే అదియు కొంతవఱకు ఆ పనినే చేయును. మంచుదీపపు టుపాయము వేఱు. అది నేలకు మూరెడెత్తుననో అంతకు తక్కువగనో యుండును. ఐక్యరాజ్యసమితివారి మోటారు నిబంధనలలో 48వదాని ప్రకారము కార్లకు మంచుదీపము నేలనుండి 250 మిల్లీమీటర్లకు తగ్గకయు, 800 మిల్లీమీటర్లకు మించకయు ఉండవలెను. దాని కాంతి విసనకఱ్ఱవలె ఇరుప్రక్కలకు విచ్చుకొని, పైయంచు కత్తితో కోసినట్లు తెగి, నేలనే పాకుచు పోవును. దారియంచున గీచిన తెల్లగీతను, వంతెనగోడను, మలుపును చూపును. దూరమును చూపుట దాని పని కాదు. హెడ్‌లైటు వెలుగుచుండగా మాత్రమే మంచుదీపము వెలుగునట్లు చేయుట, ఎదుట గోడ కట్టి దాని యడుగున కన్నము త్రవ్వి చూడుమనుట వంటిది.

మంచులన్నియు నొక్కటి కావు. వేయి మీటర్లకు లోపల చూపు ఆగిపోయినచో దానిని వాతావరణశాస్త్రజ్ఞులు మంచనుచున్నారు. 200 మీటర్లకు లోపలనైన దట్టమైన మంచనియు, 50 మీటర్లకు లోపలనైన మిక్కిలి దట్టమైనదనియు మన వాతావరణశాఖవారి లెక్క. పలుచని మంచునకు డిమ్ములైటు చాలును. దానితో మంచుదీపమును కలిపి వెలిగించినను బాధ లేదు. మేము వాదించుచున్నది కడపటి రెండు తరగతుల మంచును గూర్చియే.

కొన్నియేండ్ల క్రిందట పుష్యమాసమున మేము బెజవాడనుండి హైదరాబాదునకు రాత్రి నాలుగవజామున ప్రయాణమైతిమి. నందిగామ దాటిన పిదప మంచు క్రమ్మెను. మా బండి నడుపుచున్నవాడు అనుభవశాలి. బ్రైటు వేసెను, డిమ్ము చేసెను, అన్నియు ఆర్పి మంచుదీపపు మీట నొక్కెను. వెలుగలేదు. “లైటేస్తే గోడండి, ఆర్పితే నుయ్యండి” అని యతడనిన మాట మాకిప్పటికిని జ్ఞాపకమున్నది. నడకవేగమున పోవుచుండగా ఎదుట పది పదునైదు గజముల దూరమున లారీ యొకటి, వెనుకదీపమైనను లేక, దారిలోనే నిలిచి కనబడెను. వేగము లేకుండుటచే బ్రతికితిమి. ఆ మంచుదీపములను పెట్టినవాడు వానికి హెడ్‌లైటు తీగనుండియే త్రోవ యిచ్చినాడని మఱునాడు తెలిసినది.

ఆ తొందరపాటు ఒక్కరిది కాదు. కంపెనీనుండియే మంచుదీపములతో వచ్చు కార్లు మనదేశమున పెక్కు పార్కింగులైట్లతోనే వానిని వెలిగింపనిచ్చును. తగవంతయు తరువాత పెట్టించుకొన్నవానితో. దీపముల నమ్మువాడు అమ్మును. బిగించువాడు చేతికందిన హెడ్‌లైటు తీగ తోలు వలిచి, దానికి వీనిని చుట్టి, టేపు అంటించి పంపును. అమెరికాలో ఈ బంధము కర్మాగారముననే పడుచున్నది. అచ్చటి కార్లు పెక్కింటిలో మంచుదీపములు డిమ్ములైటుతో మాత్రమే వెలుగును. బ్రైటు వేసినంతనే ఆఱిపోవును. ముందువైపు బలమైన దీపములు నాలుగింటికి మించి యొక్కసారి వెలుగరాదని యచ్చటి పలు రాష్ట్రముల చట్టము. దూరము చూపని మంచుదీపములొక్కటితోనే జనులు రాత్రులు పరుగెత్తుదురేమోనన్న భయమును ఆ కట్టునకు తోడైనది. ఆ భయము నిరాధారమని మేమనము. అయినను దుర్వినియోగమగునను భయముచేత సద్వినియోగమును సయితము అరికట్టుట మనము చిరకాలము చవిచూచిన పాలననీతి. దానిని మన యింటిలోని దీపములకు మనమే వర్తింపజేసికొనవలసిన పని లేదు.

జర్మనీవారు దీనికి వేఱుదారి త్రొక్కినారు. వారి రహదారిచట్టమున 17వ విభాగము మంచు, మంచుగడ్డలు, వాన చూపును మిక్కిలి అడ్డగించునప్పుడే మంచుదీపములు వెలిగింపవచ్చుననుచు, రెండు మంచుదీపములు గల బండికి డిమ్ములైటునకు బదులు పార్కింగులైట్లు తోడున్న చాలునని స్పష్టముగా చెప్పుచున్నది. 50 మీటర్లకు లోపల చూపు ఆగినప్పుడు గంటకు 50 కిలోమీటర్లకు మించిపోరాదనియు అచ్చటి శాసనము. మేము పైన పేర్కొన్న 48వ నిబంధన సయితము, ముందు మంచుదీపములు బ్రైటుతోగాని డిమ్ముతోగాని సంబంధము లేకుండ వెలుగుటకును ఆఱుటకును వీలుండవలెనని విధించుచున్నది. మన దేశపు ఏ.ఐ.ఎస్. 008 ప్రమాణమునకు మూలమదియే. కావున మేము కోరుచున్నది క్రొత్త వరమేమియు కాదు. అయితే ఆ నిబంధనలోనే యింకొక మాట గలదు: మంచుదీపము వెలుగునపుడు బండి ముందువెనుకల పార్కింగులైట్లును, నంబరుపలక దీపమును వెలుగుచునే యుండవలెను. స్వాతంత్ర్యము హెడ్‌లైటునుండియే గాని వెనుకదీపమునుండి కాదు. ఈ భేదమును తెలియక తీగలు కలుపువారు తమ కన్నులు తెఱచుకొని వెనుక వచ్చువాని కన్నులు మూయుచున్నారు.

ఇక పని యెట్లు చేయవలెను? షెడ్డులో మెకానిక్కు చేయునది యేమో బండి యజమాని యెఱిగియుండుట మంచిది గావున కొంత విపులముగా వ్రాయుచున్నాము. మామూలు హాలోజను మంచుదీపము ఒక్కొక్కటి 55 వాట్లు. ఒకవైపు హెడ్‌లైటు తీగకే రెంటిని చుట్టినచో, 55 వాట్లు మోయవలసిన తీగపై 165 వాట్లు పడును. 12 వోల్టుల బ్యాటరీలో నది దాదాపు 14 ఆంపియరులు. అచ్చట నుండునది సాధారణముగా 10 ఆంపియరుల ఫ్యూజు. అది కాలిపోవును, దానితో హెడ్‌లైటును పోవును. అంతటితో బుద్ధి తెచ్చుకొనక, పెద్ద ఫ్యూజు వేసి పంపు ఘనులున్నారు. అప్పుడు కాలునది తీగ, ఒక్కొక్కప్పుడు బండి.

సరియైన పద్ధతిలో బ్యాటరీనుండి వేఱుగా తీగ తీయవలెను. బ్యాటరీకి చేరువనే 15 ఆంపియరుల ఫ్యూజు నుంచవలెను. దూరముగా నుంచిన, నడుమ తీగ ఎచ్చటనైన ఒరసి ఇనుమునకు తగిలినపుడు కాచువారుండరు. ఫ్యూజునుండి రిలేకు వచ్చి, రిలేనుండి దీపములకు పోవలెను. రిలే మీది అంకెలు ఆటోనగరులో చదువురాని కుఱ్ఱవాడును ఎఱుగును: 30కి బ్యాటరీ, 87కి దీపములు, 85కి బండి యినుము అనగా ఎర్తు, 86కి స్విచ్చి. దీపములు త్రాగు తొమ్మిది ఆంపియరులును రిలే మోయును. స్విచ్చిద్వారా పోవునది రిలేను కదలించుటకు చాలిన కొలది విద్యుత్తే గావున స్విచ్చి వేడెక్కదు.

ఇచ్చటనే అసలు మర్మమున్నది. ఆ స్విచ్చికి విద్యుత్తు ఎచ్చటినుండి తెచ్చుట? హెడ్‌లైటు తీగనుండి తెచ్చిన పాత దాస్యమే. బ్యాటరీనుండి నేరుగా తెచ్చిన, వెనుకదీపములు లేకయే మంచుదీపములు వెలుగును. ఇది పైన చెప్పిన తప్పు. పార్కింగులైట్ల తీగనుండి తేవలెను. అప్పుడు మొదటి మలుపునకు పార్కింగులైట్లు వెలిగినంతనే మంచుదీపము సిద్ధముగా నుండును. హెడ్‌లైటు వెలిగినను ఆఱినను దానికి పట్టదు. ఉన్న మంచుదీపములను సరిచేయుటయైనచో తఱచుగా ఈ 86వ కొననొక్కదానిని ఊడదీసి చోటు మార్చిన చాలును. ఒక జాగ్రత్త మాత్రము వలయును. పార్కింగులైట్లు తాళపుచెవి తీసిన పిదపను వెలుగును. 45 ఆంపియరుగంటల బ్యాటరీని ఈ మంచుదీపములు అయిదుగంటలలో ఖాళీ చేయగలవు. ఇంజను త్రిప్పలేని స్థితి అంతకు ముందే వచ్చును. మఱచువారు స్విచ్చియందు చిన్న యెఱ్ఱదీపమును పెట్టించుకొందురుగాక.

కొత్తతరపు కార్లలో ఇది యింత సులువు కాదు. మీటకును దీపమునకును నడుమ చిన్న కంప్యూటరు కూర్చున్నది. తీగను కోసిన అది లోపమని మొఱపెట్టును, గ్యారంటీయు పోవచ్చును. అట్టి బండ్లకు మేస్త్రీ కత్తెరను రానీయక కంపెనీవారి షెడ్డులోనే అడుగవలెను.

చట్టము తప్పగునేమో యని కొందఱు మిత్రులు సంశయించిరి. 1988 నాటి మోటారువాహనముల చట్టము 52వ విభాగము, రిజిస్ట్రేషను పత్రమునందలి వివరములు తయారుచేసినవారు నిర్ణయించినవానికి భిన్నములగునట్లు బండిని మార్చరాదనుచున్నది. స్విచ్చితీగ వచ్చు త్రోవ ఆ పత్రమున నెక్కు వివరము కాదని మా యభిప్రాయము. చట్టము పట్టవలసిన చోటు వేఱొకటి. 1989 నాటి కేంద్రనిబంధనలలో 106వది ముందువైపు దీపమేదియైనను 8 మీటర్ల దూరమున, నేలనుండి 1.5 మీటర్ల యెత్తున నున్న కన్నును మిఱుమిట్లు గొలుపరాదని విధించుచున్నది. మంచుదీపమును పదిమీటర్ల దూరపు గోడకెదురుగా నిలిపి చూచిన, కాంతి పైయంచు దీపపుటెత్తునకంటె 15 లేక 20 సెంటీమీటర్లు దిగువగా పడవలెను. ఈ చిన్నపరీక్ష చేయించువారెందఱు? కార్తికమాసపు తేటవెన్నెలలో, మంచు మచ్చుకైనను లేనిచోట, అలంకారమునకై మంచుదీపములు వెలిగించుకొని యెదుటివారి కన్నులు పొడుచుచు పోవు శ్రీమంతులను మనము నిత్యము చూచుచునే యున్నాము. వీరిని చూపియే రేపు ఏ యధికారియో స్విచ్చిని మన చేతినుండి లాగుకొనగలడు. ద్విచక్రవాహనములకు 2017 ఏప్రిలునుండి ఏమైనదో చూచితిమి: ఇంజను తిరుగుచున్నంతసేపు హెడ్‌లైటు వెలుగునట్లే చేసి, క్రొత్తబండ్లలో ఆర్పు మీటనే తీసివేసిరి. పగటివేళ కనబడుటకది మేలే కావచ్చును. మంచులో వానికి గోడ తప్పదు.

పసుపుదీపములను గూర్చియు ఒకమాట. పసుపుకాంతి మంచును చీల్చుకొనిపోవునని బజారులో చెప్పి హెచ్చువెలకు అమ్ముచున్నారు. మంచుతుంపురులు కాంతితరంగముకంటె ఎన్నోరెట్లు పెద్దవగుటచే ఏ రంగునైనను ఇంచుమించు సమముగనే చెదరగొట్టును. ఫ్రాన్సువారు 1936లో కార్లకన్నిటికి పసుపు హెడ్‌లైట్లను విధించి, 1993లో ఆ కట్టును విడిచినారు. కంటికి హాయిగా నుండునని పెట్టించుకొనువారు పెట్టించుకొనవచ్చును. చీల్చునని నమ్మి వేగము పెంచువారికి మాత్రము అపాయము.

వేగమన్న మాట వచ్చినది గావున లెక్క యొకటి చెప్పెదము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవువాడు అడ్డమును చూచి బ్రేకుపై కాలు మోపునంతలో, ఒకటిన్నర సెకనులో, 25 మీటర్లు పోవును. ఆపై పొడిదారిలో బండి నిలుచుటకు ఇంకొక 24 మీటర్లు పట్టును. తడిసిన దారిలో నింకను హెచ్చు. 50 మీటర్లు మాత్రమే కనబడు మంచులో ఎంత మంచి దీపమును ఆ వేగమున నతనిని కాపాడజాలదు. ఢిల్లీ చేరువనుండి ఆగ్రాకు 165 కిలోమీటర్లు పోవు యమునా రహదారి 2012లో తెఱవబడినది. దానిపై చలికాలపు మంచులో జరిగిన ఘోరములకు తరువాత అధికారులు ఆ కాలమున వేగపరిమితిని తగ్గింపవలసివచ్చినది. గుంటూరు మిరపబస్తాలతో ఢిల్లీకిని, కైకలూరు, ఆకివీడు చేపలతో హౌరాకు, అస్సామునకును పోవు లారీలు ఆ యుత్తరాది మంచులోనే తెల్లవాఱులు నడచుచున్నవి. ఆ బండ్లను నడుపువారు మన పల్లెలవారే. లంబసింగి కనుమ నెక్కు విహారయాత్రికులకంటె వారికే ఈ స్విచ్చి యక్కఱ హెచ్చు.

రవాణాశాఖవారు సామర్థ్యపరీక్షకు వచ్చిన లారీకి హెడ్‌లైటు వెలుగుచున్నదా యని చూచుచున్నారు. మంచుదీపములున్న బండికి హెడ్‌లైటు నార్పి మంచుదీపములొక్కటి వెలిగించుమని యడిగి, అప్పుడు వెనుకదీపములు వెలుగుచున్నవో లేదో చుట్టుతిరిగి చూడవలెనని మేము కోరుచున్నాము. దీనికి పట్టునది అరనిమిషము. లారీ యజమానుల సంఘములు అంతవఱకు ఆగనక్కఱలేదు. దీపావళి వెళ్లిన వారముననే తమ బండ్లను షెడ్డులకు పంపి, 86వ కొన యెచ్చట తగిలియున్నదో చూపించుకొనవచ్చును.