మొదటి కూత ఎందుకు ఖాళీ?

ముందే చెప్పేస్తున్నా, ఇది జావా గురించి కాదు, హైకుల గురించి కాదు, ఆన్‌సైటు కష్టాల గురించి అంతకన్నా కాదు. కబడ్డీ గురించి. ఆసక్తి లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను :)

మొన్న దసరాకి ఊరికెళ్లాను. మాది జైనూరు. 2016 అక్టోబరు దాకా ఆదిలాబాదు జిల్లా, ఇప్పుడు కొమురం భీం ఆసిఫాబాదు జిల్లా. ఆఫీసులో ఎవరికి చెప్పినా "అదెక్కడ?" అంటారు. హైమన్‌డార్ఫ్ గోండులతో ఉండి పనిచేసిన మార్లవాయి మా మండలమే అంటే, చదివినవాళ్లు కొందరు "ఓహో" అంటారు. అదలా ఉంచితే, మా దగ్గర పండక్కి కబడ్డీ ఉండాల్సిందే. బడి వెనక గ్రౌండులో సున్నంతో గీతలు, ఒక మైకు, చెట్టు కింద నాలుగు కుర్చీలు. ఒకే మ్యాచి చుట్టూ గోండి, తెలుగు, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినపడతాయి. తిట్లు మాత్రం ఎవరి భాషలో వాళ్లవే.

మా చిన్నబాపు కొడుకు ఒకడున్నాడు, ఇంటర్ చదువుతున్నాడు. సన్నగా ఉంటాడు, కాలు మాత్రం పాములా పోతుంది. ఆ రోజు జట్టులో వాడూ ఉన్నాడు. మొదటి కూతకే వెళ్లి, కుడి కార్నర్ వాణ్ని కాలితో తాకి, ఆపబోయిన కవర్ వాణ్ని కూడా తప్పించుకుని, రెండు పాయింట్లతో వచ్చాడు. జనం ఈలలు. వాణ్ని తయారుచేసిన సారు మాత్రం లైను దగ్గర నిలబడి, "ఎవడు చెప్పిండ్రా నీకు? ఫస్ట్ రైడ్ ఖాళీ అని చెప్పిన్నా లేదా?" అని అరిచి, కాసేపటికి వాణ్ని బయట కూర్చోబెట్టాడు. తర్వాత మా జట్టు శాస్త్రోక్తంగా మొదటి కూత ఖాళీ, రెండో కూత ఖాళీ, మూడో కూతకి వెళ్లి దొరికిపోవడం. మళ్లీ మొదటిది ఖాళీ... మ్యాచి పోయింది.

రాత్రి అన్నం దగ్గర వాడు అడిగాడు, "అన్నా, మొదటి కూతల్నే పాయింటు తెస్తే తప్పెట్లయితదే?"

నేను ఇంజనీరింగు చదివాను, రోజూ లాజిక్కు రాసి బతుకుతున్నాను. ఆ ప్రశ్నకి సారు తరఫున ఒక్క మంచి జవాబు దొరుకుతుందేమోనని నిజంగానే వెతికాను. దొరకలేదు. అందుకే ఈ టపా.

రూలు తెలియనివాళ్లకి రెండు ముక్కలు. కూతకి వెళ్లినవాడికి 30 సెకన్లు. మధ్యగీత నుంచి 3.75 మీటర్ల దూరంలో ఉన్న బాక్ లైను దాటి వెనక్కి వచ్చేస్తే చాలు, పాయింటు రాకపోయినా ఔట్ కాడు. అదే ఖాళీ కూత, టీవీవాళ్ల ఎంప్టీ రైడ్. ప్రో కబడ్డీ 2014లో మొదలయ్యాక అందరికీ నోటికొచ్చిన రూలు ఇంకోటుంది. ఒక జట్టు వరసగా రెండు కూతలు ఖాళీగా తెస్తే మూడోది డు ఆర్ డై. అందులో పాయింటు తేకపోతే కూతగాడు ఔట్, ఎదుటి జట్టుకి ఒక పాయింటు. ఇప్పుడు మా ఊళ్లో కూడా టీవీ రూల్సే.

ఇప్పుడు ఆలోచించండి. మొదటి కూతలో మీకు మూడు దారులు. పాయింటు తేవచ్చు, దొరికిపోవచ్చు, సందు దొరక్కపోతే ఊరికే తిరిగి రావచ్చు. మూడో కూతలో ఆ మూడో దారి మూసేశారు. అంటే రిటర్ను టిక్కెట్టు ఉన్నది మొదటి కూతకే. మన సార్లు ఏం చెప్తారు? రిటర్ను టిక్కెట్టు ఉన్నప్పుడు స్టేషను బయటే తిరిగి రా, టిక్కెట్టు లేనప్పుడు మాత్రం ఊరు మీద పడి దోచుకురా అని! ధైర్యం చేయడానికి ఖర్చు తక్కువున్నచోట పిరికితనం, తప్పించుకోలేని చోట వీరత్వం.

"ఖాళీ కూత అంటే ఊరికే రావడం కాదు, డిఫెన్సుని చదివి రావడం" అంటారు. ఈ మాట నేను చాలామంది దగ్గర విన్నాను, అసలు వినడానికి ఎంత తెలివిగా ఉంటుందో! కానీ ఏం చదువుతారు? మీరు తాకడానికి రాలేదని ఎదుటి ఏడుగురికీ తెలుసు. వాళ్లు చేతులు పట్టుకుని హాయిగా నిలబడతారు. ఎడమ కార్నర్ వాడు చీలమండకి వస్తాడా, తొడకి వస్తాడా అనేది వాడి మీదకి నిజంగా కాలు వేస్తేనే తెలుస్తుంది. లోడు పెట్టకుండా లోడ్ టెస్టింగు చేసి "సర్వరు బ్రహ్మాండం" అని రిపోర్టు పంపినట్టుంది.

ఈ జబ్బు మనకే ఉందనుకున్నా. కాదని టెక్సాస్‌లో తెలిసింది. నాలుగు నెలలు ఆన్‌సైటుకి వెళ్లినప్పుడు శనివారాలు ఒక కొలీగు ఇంట్లో కాలేజీ ఫుట్‌బాల్ చూసేవాళ్లం. మన ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునేది. మొదట్లో నాకు ముక్క అర్థం కాలేదు. పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగు ప్రయత్నాలు. నాలుగోదాన్ని సాధారణంగా బంతి దూరంగా తన్నేయడానికి వాడతారు కాబట్టి చేతిలో ఉన్నవి మూడే. ఫస్ట్ డౌన్‌లో బంతి ఒకడి చేతికిచ్చి జనం మధ్యలోకి పరిగెత్తిస్తారు, రెండు గజాలు. రెండోసారీ అదే, ఇంకో రెండు. ఇప్పుడు మూడోసారికి ఆరు గజాలు కావాలి. బంతి విసరక తప్పదని గ్రౌండులో వాళ్లకీ, స్టాండ్సులో పాప్‌కార్న్ తినేవాడికీ, సోఫాలో నాకూ తెలుసు. విసిరేవాడి మీద నలుగురు పడతారు. "అరె, ఇది మా జైనూరు ఆటే కదా" అన్నాను. కొలీగుకి అర్థం కాలేదు :)

అక్కడ కూడా పెద్దలు చెప్పేది "బ్యాలెన్స్ ఉండాలి" అనే. పరుగు సగం, పాసు సగం. దీన్ని పట్టించుకోనివాళ్లలో మైక్ లీచ్ ఒకడు. 2000 నుంచి 2009 దాకా టెక్సాస్ టెక్ కోచి, 2022లో చనిపోయాడు. ఆయన పద్ధతి పేరు (నవ్వకండి) ఎయిర్ రెయిడ్. ఫస్ట్ డౌనా, థర్డ్ డౌనా అని చూడకుండా బంతి విసిరించేవాడు. పెద్ద కాలేజీలంత గొప్ప కుర్రాళ్లు రాకపోయినా ఆయనున్న పది సీజన్లలోనూ ఆ జట్టు బౌల్ మ్యాచికి అర్హత తెచ్చుకుంది. 2008లో నంబర్ వన్‌గా ఉన్న టెక్సాస్‌ని 39-33తో కొట్టింది. దీనికి పూర్తిగా ఎదురు వైపున మన తెలుగు పిల్లలు బోలెడంతమంది చదివే జార్జియా టెక్. 2008 నుంచి 2018 దాకా అక్కడ కోచి పాల్ జాన్సన్. ఆయన దాదాపు ప్రతిసారీ పరుగే. 2014 సీజన్లో 11 మ్యాచిలు గెలిచి ఆరెంజ్ బౌల్ కూడా కొట్టారు.

ఒకడు విసురుతూనే ఉన్నాడు, ఒకడు పరిగెత్తిస్తూనే ఉన్నాడు, ఇద్దరూ గెలిచారు. మరి బ్యాలెన్సు ఏమైనట్టు? ఉంది, లెక్కల పుస్తకంలో కాదు, ఎదుటివాడి బుర్రలో. జాన్సన్ ఆడించే ట్రిపుల్ ఆప్షన్‌లో పరుగే అని అందరికీ తెలుసు, ముగ్గుర్లో ఎవరు పరిగెత్తుతారో మాత్రం ఆట మొదలయ్యాక గానీ తేలదు. లీచ్ ఆటలో పాసే అని తెలుసు, ఎవరికో తెలీదు.

ఇది మన కబడ్డీవాళ్లకి కొత్త కాదు. అనూప్ కుమార్‌ని గుర్తు తెచ్చుకోండి. 2016 ప్రపంచకప్‌లో ఇరాన్‌ని 38-29తో ఓడించిన జట్టుకి కెప్టెన్. ఎంత నెమ్మదిగా తిరిగేవాడు! ఖాళీ కూతలు ఆయనా తెచ్చాడు. కానీ ఏ క్షణంలోనైనా కాలు చాపి బోనస్ గీత దాటగలడు కాబట్టి, ఆయన ఊరికే తిరుగుతున్నప్పుడు కూడా డిఫెన్సుకి ఊపిరి ఆడేది కాదు. మా సారు అనూప్ నెమ్మదిని చూసి నేర్చుకున్నాడు, ఆ కాలుని చూడలేదు.

ఆ రాత్రే సారుని కలిసి ఇదంతా చెప్పాను, మర్యాదగానే. మంచి మనిషి, విన్నాడు. "సరే తీయ్, ఒకటి ఖాళీ, ఒకటి అటాకు, మార్చి మార్చి పంపిస్త" అన్నాడు. అయ్యా, అది ఇంకో ప్రమాదం. ఒకటి విడిచి ఒకటి అనేది బ్యాలెన్సు కాదు, టైంటేబులు. రెండు మ్యాచిలు చూస్తే ఎదుటివాడికి కంఠతా వస్తుంది.

సరైన పాళ్లు ఎంత అని తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఫుట్‌బాల్ (ఈసారి అసలుది) పెనాల్టీ కిక్కుల మీద ఇగ్నాసియో పలాసియోస్ హుయెర్టా అనే ఆర్థికవేత్త 2003లో ఒక పరిశోధన ప్రచురించాడు. వెయ్యికి పైగా కిక్కులు చూసి ఆయన తేల్చిందేంటంటే, మంచి ఆటగాళ్లు ఎడమకి కొట్టినా కుడికి కొట్టినా గోలయ్యే అవకాశం దాదాపు సమానం. పాళ్లు సగం సగం కానక్కర్లేదు, ఫలితం సమానంగా ఉండాలి. ఒకవైపు ఎక్కువ గోళ్లు వస్తుంటే అటు ఇంకా కొట్టాలి, కీపరు అటు జరిగేదాకా. కబడ్డీకీ ఇదే. మొదటి కూతలో నిజంగా దాడి చేసిన ప్రతిసారీ మూడో కూతలో కన్నా ఎక్కువ పాయింట్లు వస్తుంటే, మీరు మొదటి కూతలో చాలినంత దాడి చేయట్లేదని అర్థం. వాళ్లు అప్రమత్తమై లాభం తగ్గిపోయేదాకా చేయండి. తగ్గాక, అప్పుడు ఖాళీగా రండి, ఆ ఖాళీకి విలువ ఉంటుంది.

మరి లెక్క ఎవరు చూశారు? ఇక్కడే నాకు అసలు కడుపుమంట. స్కోరు పుస్తకంలో "ఖాళీ" అని ఒకే కాలమ్ ఉంటుంది. నిజంగా దాడికి వెళ్లి సందు దొరక్క వెనక్కొచ్చినవాడూ, బాక్ లైను మీద కాలు ఆనించి వచ్చినవాడూ ఒకే గడిలో. పని చేసిన ఫంక్షనూ, పిలవని ఫంక్షనూ రెండూ శూన్యమే ఇచ్చాయని లాగులో ఒకేలా రాసుకున్నట్టు. అమెరికావాళ్లదీ ఇలాంటి బగ్గే. పాసు విసరబోయి వెనక దొరికిపోతే పోయిన గజాలని కాలేజీ లెక్కల్లో పరుగు ఖాతాలో కోస్తారు, ప్రొఫెషనల్ లీగులో పాసు ఖాతాలో కోస్తారు. అదే ఆట, గడి మారితే పరుగు చెడ్డదో పాసు చెడ్డదో అయిపోతుంది.

ఖాళీ కూత ఎప్పుడూ తప్పని నేననట్లేదు. ఆఖరి మూడు నాలుగు నిమిషాల్లో నాలుగైదు పాయింట్ల ఆధిక్యం ఉంటే 30 సెకన్లు తినేసి రావడమే తెలివి. మీ డిఫెన్సు గట్టిదైతే, ఎదుటి కూతగాడు డు ఆర్ డైలో తడబడే రకమైతే, ఇద్దరూ ఖాళీలు తెచ్చుకుంటూ మూడో కూత దాకా లాగడం కూడా మంచి ఎత్తే. కానీ అది మీ ఇద్దరి బలాలూ చూసుకుని వేసే ఎత్తు. టాస్ కాకముందే "ఫస్ట్ రైడ్ ఖాళీ" అని చెప్పడం ఎత్తు కాదు, అలవాటు.

తెలుగు టైటాన్స్ అభిమానిగా నాకు అలవాట్ల మీద కోపం ఎక్కువే లెండి. 2021-22లో 22 మ్యాచిల్లో ఒక్క గెలుపు. 2022లో రెండు. 2023-24లో, పవన్ సెహ్రావత్‌ని రెండున్నర కోట్లకి పైగా పెట్టి తెచ్చుకుని కూడా రెండే. మూడు సీజన్లూ అట్టడుగు. అదంతా మొదటి కూత వల్లేనని నేనంటే నా ఇంజనీరింగు డిగ్రీ వెనక్కి తీసుకోవాలి. కానీ ఆ మూడేళ్లూ టీవీ ముందు కూర్చుని, మూడో కూతకి లేచి వెళ్లే మనిషి మొహం చూసి ఫలితం చెప్పేసేవాళ్లం ఇంట్లో. 2025లో క్వాలిఫయర్-2 దాకా వెళ్లి పుణెరి పల్టన్ చేతిలో ఓడారు. ఆ సీజన్లో మాత్రం మొహం చూసి చెప్పలేకపోయాం. హాయిగా అనిపించింది.

కోట్ల జట్టు సంగతి కోట్లవాళ్లు చూసుకుంటారు. నా బాధ మా తమ్ముడిది. ఏడాది కింద ఒక సెలక్షన్లో, ఎక్కడ, ఎవరు అనేది రాయను, వాడు ఇలాగే మొదటి కూతలో దూకి ఒకసారి పాయింటు తెచ్చి, ఒకసారి దొరికిపోయాడట. "మాట వినడు" అని పక్కన పెట్టారు. రెండు కూతలూ చక్కగా ఖాళీ తెచ్చినవాడు ఎంపికయ్యాడు, ఎందుకంటే వాడు ఏ తప్పూ చేయలేదు. మా ఏజెన్సీ ఊళ్ల పిల్లలకి కాలేజీ సీటుకైనా, స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికైనా ఆ కాగితం ఒక్కటే దారి. అక్కడ ఏమీ చేయకపోవడానికి మార్కులు వేస్తే, తర్వాతి ఏడు వచ్చే పిల్లలందరూ ఏమీ చేయకపోవడమే ప్రాక్టీసు చేస్తారు. మనవైపు, మీటింగుల్లో నోరు తెరవనివాడికి మంచి రేటింగు రావడం చూశాం కదా, మీకు నేను చెప్పాలా.

వచ్చేముందు సారుకి ఒక నోటుబుక్కు కొనిచ్చాను. ప్రతి కూతకి మూడు గడులు గీశాను. ఎన్నో కూత, నిజంగా దాడికి వెళ్లాడా లేదా, ఏమొచ్చింది. అంతే, ఎక్సెల్ కూడా అక్కర్లేదు. రాయడానికి బయట కూర్చున్నవాళ్లలో ఒకడు చాలు. "ఎవడు రాస్తడయ్యా ఇదంత" అన్నాడు సారు. మా తమ్ముడు పెన్ను తీసుకున్నాడు. వాణ్ని బయటే కూర్చోబెట్టడానికి ఇదొక సాకు కాకుండా ఉంటే బాగుండు. సంక్రాంతికి మళ్లీ వెళ్తున్నా, పుస్తకంలో ఎన్ని పేజీలు నిండాయో చూసి వచ్చి రాస్తాను.