‘డంతో’ చెప్పే సాక్ష్యం

ఇంగ్లిష్ పత్రికల శీర్షికల్లో ‘స్పార్క్స్’ అన్న మాట కనిపించని రోజు అరుదు. ఫలానా నాయకుడి వ్యాఖ్య వివాదాన్ని స్పార్క్ చేసింది, ఫలానా పోస్టు అల్లర్లను స్పార్క్ చేసింది. చిన్న మాట, ఒక్క కాలమ్ వెడల్పులో ఇమిడిపోతుంది, అందుకే సబ్ ఎడిటర్లకు ముద్దు. మన డెస్కుల్లో అదే ‘చిచ్చు రేపిన పోస్టు’, ‘దుమారం రేపిన వ్యాఖ్యలు’ అవుతుంది. ఆ శీర్షికను ఇంకోసారి చదవండి. పోస్టు ఉంది, అల్లర్లు ఉన్నాయి. రాయి విసిరినవాడు లేడు. దుకాణం తగలబెట్టినవాడు లేడు. వాడికి ఆ వాక్యంలో చోటే లేదు. స్పార్క్ అన్న క్రియకు సంఘటన కర్మగా వస్తుంది గానీ మనిషి రాడు.

ఎదుటివాడిలో ఏదో ఒక స్పందన పుట్టించడాన్ని చెప్పే క్రియలు ఇంగ్లిష్‌లో బోలెడు. ప్రొవోక్, ఇన్‌సైట్, ఇన్‌స్టిగేట్, ట్రిగ్గర్, స్పార్క్, ఎలిసిట్, ఇవోక్, ఇండ్యూస్, ప్రాంప్ట్... పోటీ పరీక్షల గైడ్లు వీటిని పర్యాయపదాలంటూ ఒకే గడిలో కుక్కేస్తాయి. పిల్లలు బట్టీ పట్టేస్తారు. నిజానికి వీటి మధ్య తేడా అర్థంలో కన్నా బాధ్యత పంపకంలో ఎక్కువ. జరిగినదాంట్లో ఎవరి వాటా ఎంతో ఒక్కో క్రియ ముందే తేల్చేసి కూర్చుంటుంది.

ఎలిసిట్ చూడండి. వకీలు సాక్షి నుంచి జవాబును ఎలిసిట్ చేస్తాడు. డాక్టరు మోకాలి కింద చిన్న సుత్తితో తట్టి రిఫ్లెక్స్‌ను ఎలిసిట్ చేస్తాడు. జవాబునే తప్ప సాక్షిని ఎలిసిట్ చేయడం కుదరదు. లోపల ఉన్నదే బయటికి వచ్చింది, రప్పించినవాడి తప్పేమీ లేదు. ఇండ్యూస్ ఆసుపత్రి మాట, నొప్పులు రాని గర్భిణికి మందిచ్చి నొప్పులు తెప్పించడం లాంటిది. ఇవోక్ మర్యాదస్తురాలు, జ్ఞాపకాల జోలికి తప్ప ఇంకెవరి జోలికీ పోదు. ప్రాంప్ట్‌ను ఈమధ్య కృత్రిమ మేధ వాళ్లు ఎత్తుకుపోయారు, దాని సంగతి వదిలేద్దాం.

అసలు తకరారు ప్రొవోక్, ఇన్‌సైట్‌లతోనే. (రెండోది తెలుగు లిపిలో రాస్తే ‘లోచూపు’ అనే అర్థమున్న ఇంకో ఇంగ్లిష్ మాటలా కనిపిస్తుంది. మన లిపి చేసిన కొంటెపని అనుకోండి.) ఇన్‌సైట్ చేయడానికి ఉద్దేశం ఉండి తీరాలి. ఫలితం రాకపోయినా పరవాలేదు. ‘పదండి, తగలబెడదాం’ అని మైకులో అరిచినవాడి మాట విని ఎవరూ కదలకపోయినా వాడు పురిగొల్పినట్టే లెక్క. ప్రొవోక్ దీనికి తలకిందులు. అక్కడ ఉద్దేశం అక్కర్లేదు, రెచ్చిపోయినవాడొకడు ఉంటే చాలు. మీరు నవ్వినందుకు ఒకడు రెచ్చిపోయాడనుకోండి, మీరు వాడిని ప్రొవోక్ చేసినవారై కూర్చుంటారు. లాటిన్‌లో దీని మూలానికి ‘బయటికి రమ్మని పిలవడం’ అని అర్థం. పిలిచారో లేదో తేల్చేది మాత్రం వచ్చినవాడే. ఆడపిల్ల దుస్తుల్ని ‘ప్రొవొకేటివ్’ అనగలిగే సౌకర్యం ఇంగ్లిష్‌కు ఇక్కడినుంచే దొరికింది. చొక్కాకు ఉద్దేశం అంటగట్టడం ఇంకే క్రియతోనూ ఇంత సులువు కాదు.

ఈ తేడాల మీద మనుషుల ప్రాణాలూ జైలు శిక్షలూ ఆధారపడ్డాయి. 2015 మార్చి 24న సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు తీర్పుకు ఇరుసు ఇలాంటి విభజనే. చర్చించడం వేరు, ఒక వాదాన్ని సమర్థించి ప్రచారం చేయడం వేరు, పురిగొల్పడం వేరు, మూడోదాకా వెళ్తేనే మాట మీద ఆంక్ష పెట్టవచ్చు అంది. అంతకుముందు 2001లో ఆత్మహత్యకు ప్రేరేపించిన కేసొకటి వచ్చింది. ఇన్‌స్టిగేట్ అంటే ఏమిటో చెప్పడానికి కోర్టు ప్రొవోక్, ఇన్‌సైట్‌లతో సహా అయిదు క్రియల్ని వరసగా పేర్చాల్సి వచ్చింది. పేర్చి, కోపంలో నోరు జారిన మాట, నిజంగా జరగాలని కోరుకోని మాట, ప్రేరేపణ కిందికి రాదని తేల్చింది. ‘పో, పోయి ఎక్కడైనా చావు’ అని రోజుకోసారైనా వినిపించే మన ఇళ్లకు ఇది చిన్న ఊరట కాదు.

ప్రొవోక్ కథ ఇంకా పెద్దది. 1860 నాటి భారత శిక్షాస్మృతి హత్యానేరానికి పెట్టిన మినహాయింపుల్లో మొదటిదే ఇది. తీవ్రంగా, హఠాత్తుగా రెచ్చగొట్టబడి, నిగ్రహం కోల్పోయి చంపితే అది హత్య కాదు, దానికన్నా తక్కువ నేరం. ఆ మినహాయింపు ఎక్కడిదాకా సాగుతుందో కొలిచిన పెద్దమనిషి మనవాడే. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి, తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లిన కోకా సుబ్బారావు. కేసు నానావతిది. అక్షయ్ కుమార్ ‘రుస్తుం’ చూసినవాళ్లకు ఆ కథ ఒక రంగులో తెలుసు, తీర్పులో ఉన్న రంగు వేరు.

1959 ఏప్రిల్ 27న బొంబాయిలో నౌకాదళ కమాండర్ నానావతికి అతని భార్య సిల్వియా ప్రేమ్ ఆహూజాతో తనకున్న సంబంధం గురించి చెప్పింది. అతను భార్యాపిల్లల్ని సినిమాహాలు దగ్గర దింపాడు. ఓడకు వెళ్లి, రాత్రిపూట ఒంటరిగా అహ్మద్‌నగర్‌కు కారులో పోవాలని చెప్పి రివాల్వరూ ఆరు తూటాలూ తీసుకున్నాడు. ఆహూజా ఆఫీసుకు వెళ్లాడు, అక్కడ లేకపోతే ఫ్లాటుకు వెళ్లాడు. కాల్చాడు. జ్యూరీలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు, ఒక్కరు కాదన్నారు. సెషన్స్ జడ్జి ఆ నిర్ణయాన్ని ఒప్పుకోక హైకోర్టుకు పంపాడు. హైకోర్టు యావజ్జీవం వేసింది. 1961 నవంబరులో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది, ఆ తీర్పు రాసింది సుబ్బారావు.

భార్య చెప్పిన మాట అతన్ని ఆ క్షణాన కుదిపేసి ఉండొచ్చని తీర్పు కాదనలేదు. మన దేశంలో మాటలూ సైగలూ కూడా మనిషిని రెచ్చగొట్టగలవని, చనిపోయినవాడి పాత చేష్టలు నిందితుడి మనసులో వేసిన ముద్రనూ లెక్కలోకి తీసుకోవచ్చని కూడా అంది. ఆ తర్వాత గడియారం చూసింది. ఇంట్లోంచి బయల్దేరింది ఒంటిగంటన్నరకు, చంపింది నాలుగుంబావు దాటాక. నిగ్రహం తిరిగి రావడానికి ఆ సుమారు మూడు గంటలు చాలు. మరి ఫ్లాటులో ఆహూజా ఇచ్చిన దురుసు జవాబు? ముందు తిట్టిందెవరు? నువ్వు తిడితే వాడు తిట్టాడు, దాన్ని చూపించి రెచ్చగొట్టాడనడం కుదరదంది. అంటే ప్రొవోక్ అన్న క్రియకు సుబ్బారావు గడువు పెట్టాడన్నమాట. ఆ గడువు దాటాక చేసిన పని చేసినవాడిదే.

బ్రిటన్‌లో ఇదే గడువు ఇంకోరకంగా కోసింది. అక్కడ 1949 నుంచీ ‘హఠాత్తుగా, తాత్కాలికంగా నిగ్రహం కోల్పోవడం’ అన్న సూత్రం నడిచింది. హఠాత్తు అన్నది బలవంతుడికి పనికొచ్చే మాట. చేతిలో సత్తువ ఉన్నవాడే అప్పటికప్పుడు తిరగబడగలడు. కిరణ్‌జీత్ అహ్లూవాలియా పదేళ్లు భర్త చేతిలో దెబ్బలు తింది. 1989లో ఒక రాత్రి అతను నిద్రపోయేదాకా ఆగి నిప్పంటించింది. ఆగింది కాబట్టి హఠాత్తు కాదు, హఠాత్తు కాదు కాబట్టి హత్య, యావజ్జీవం. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ అనే మహిళా సంఘం పోరాడాక 1992లో అప్పీలు కోర్టు ఆ శిక్షను రద్దు చేసింది. అయితే గెలిపించింది రెచ్చగొట్టారన్న వాదన కాదు, ఆమె మానసిక స్థితి గురించిన వాదన. ఐశ్వర్యా రాయ్‌తో ఈ కథను సినిమాగా తీసినవాళ్లు పేరు మాత్రం ‘ప్రొవోక్డ్’ అని పెట్టారు. కోర్టు ఇవ్వని మాటను పోస్టరు ఇచ్చింది.

చివరికి 2009లో బ్రిటిష్ పార్లమెంటు ఆ పాత ప్రొవొకేషన్ వాదననే రద్దు చేసింది. దాని స్థానంలో ‘నిగ్రహం కోల్పోవడం’ అనే కొత్త వాదన తెచ్చింది. అది హఠాత్తుగా జరగనక్కర్లేదంది. హింస జరుగుతుందన్న తీవ్రమైన భయం కూడా కారణం కావచ్చంది. భార్యో భర్తో వేరొకరితో సంబంధం పెట్టుకోవడాన్ని మాత్రం కారణంగా లెక్కలోకి తీసుకోకూడదంది. నానావతి అక్కడ ఇప్పుడు నిలబడితే గడియారం దాకా వెళ్లే పనే ఉండదు. ఇంత జాగ్రత్తగా రాసినవాళ్లు ఆ కారణానికి పెట్టిన పేరు వింటే మాత్రం నాకు చిరాకు: ట్రిగ్గర్.

తుపాకీ గుర్రానికున్న ఇంగ్లిష్ పేరు అది. డచ్ భాషలో లాగడం అన్న క్రియనుంచి వచ్చింది. గుర్రం నొక్కితే గుండుకు ఇంకో దారి లేదు. ఆలోచించుకోవడానికి దానికి మూడు గంటలు కాదు, మూడు క్షణాలు కూడా ఉండవు. ఉబ్బసానికి దుమ్ము ట్రిగ్గర్ అని డాక్టరు అన్నప్పుడు సరిపోతుంది, ఊపిరితిత్తులకు సంకల్పం లేదు గనుక. ‘వాడు నన్ను ట్రిగ్గర్ చేశాడు’ అని మన కుర్రాళ్లు అనడం మొదలుపెట్టాక మనిషే తుపాకీ అయిపోయాడు. పాతరోజుల్లో ఈ క్రియకు సంఘటనే కర్మ. ఇప్పుడు మనిషి కర్మగా వచ్చాడు, వస్తూ వస్తూ తన బాధ్యతను బయటే వదిలేసి వచ్చాడు. గాయపడ్డవాళ్లు పాత గాయం రేగిందని చెప్పుకోవడానికి ఆ మాట వాడితే నాకు పేచీ లేదు. చెయ్యి చేసుకున్నవాడు వాడితే ఉంది.

తెలుగుకు ఇలాంటి మాటల కరువేమీ లేదు. రెచ్చగొట్టడం, పురిగొల్పడం, ఉసిగొల్పడం, ఎగదోయడం, పుల్లలు పెట్టడం. సరిహద్దులో శత్రువు చేస్తే ‘కవ్వింపు చర్య’, సినిమా పాటలో నాయిక చేస్తే అదే కవ్వింపు సరసం. గిల్లికజ్జా అన్న ఒక్క మాటలో ముందు గిల్లిందెవరో, తర్వాత ఏడ్చిందెవరో కూడా ఉంది. ఇన్ని ఉండగా మన నేరవార్తలు వీటిలో ఏదీ వాడవు. వాటికి ఒక ప్రత్యయం చాలు.

‘ప్రేమను నిరాకరించడంతో యువతిపై కత్తితో దాడి’. ‘మద్యానికి డబ్బు ఇవ్వకపోవడంతో తల్లిని చంపిన కొడుకు’. ఇలాంటివి ఏ జిల్లా ఎడిషన్ తిరగేసినా దొరుకుతాయి. ఆ ‘డంతో’కు ముందున్న క్రియ ఎవరిది? దెబ్బ తిన్న మనిషిది. నిరాకరించింది ఆమె, ఇవ్వనిది తల్లి. వాక్యం మొదలయ్యేది బాధితురాలు చేసిన పనితో. కత్తి తర్వాత వస్తుంది, దానంతటదే వచ్చినట్టు వస్తుంది. ఇంగ్లిష్‌కు ప్రొవోక్ అనే మూడక్షరాల మాట కావాల్సి వచ్చింది, మనం రెండక్షరాలతో కానిచ్చేశాం. దీనికి తోడు ‘క్షణికావేశంలో’ అన్నది ఒకటి. ముందురోజు కొన్న కత్తి, వారంరోజులుగా కాలేజీ గేటు దగ్గర కాపలా, అయినా ఆవేశం క్షణికమే!

ఈ ‘డంతో’ ఎక్కడినుంచి వస్తోందో విలేఖరులందరికీ తెలుసు. పోలీసుల ప్రెస్ నోట్ నుంచి. ఆ నోట్‌లోకి విచారణలో నిందితుడు చెప్పినదాని నుంచి. చచ్చిపోయిన అమ్మాయి తన కథ చెప్పలేదు కనుక మిగిలిన కథకుడు అతనొక్కడే. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలును నిందితుడికి వ్యతిరేకంగా కోర్టులో రుజువు చేయకూడదని పాత సాక్ష్యాధార చట్టమూ చెప్పింది, దాని స్థానంలో వచ్చిన కొత్తదీ చెబుతోంది. కోర్టులో అతని మీద చెల్లని మాట మర్నాటి పత్రికలో ఆమె మీద చెల్లుబాటు అవుతోంది. ఒక్క మార్పు చేస్తే చాలంటాను: ‘పెళ్లికి ఒప్పుకోలేదని చంపానని నిందితుడు చెప్పాడు’ అని రాయండి. కారణం చెప్పినవాడి పేరు మీద కారణం ఉంటుంది. శీర్షిక కాస్త పొడుగవుతుంది, అవనివ్వండి.

ఇక చట్టం సంగతి. 2024 జులై 1 నుంచి శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఇన్ని సెక్షన్ల నంబర్లు మారాయి, హత్యకు మినహాయింపు మాత్రం 101వ సెక్షన్‌లో పాత మాటలతోనే ఉంది. తీవ్రంగా, హఠాత్తుగా. కిరణ్‌జీత్ భర్తకు నిప్పుపెట్టిన 1989లోనే మద్రాసు హైకోర్టు ముందుకు ఒక తల్లి వచ్చింది. భర్త పెట్టే బాధలు పడలేక పిల్లలతో సహా బావిలో దూకి తాను మాత్రం బతికిన మనిషి. ఏళ్ల తరబడి పేరుకున్న బాధ కూడా రెచ్చగొట్టడమేనని కోర్టు ఒప్పుకుంది, తమిళ జానపద కథలోని నల్లతంగాళ్ పేరు దానికి పెట్టింది. కొత్త సంహిత రాసినవాళ్లకు ఆ తీర్పు అందుబాటులో ఉంది, బ్రిటన్ అనుభవమూ ఉంది. అయినా ‘హఠాత్తుగా’ అన్న మాటను ముట్టుకోలేదు.