ఆటా ఇది, ఉపాధి హామీ పనా?

"అన్నా, ఇది గేమా, ఉపాధి హామీ పనా?"

రెండేళ్ళ కిందట ఓ శనివారం మా ఇంటికొచ్చిన మా టీమ్ కుర్రాడు, నా భుజం మీంచి ల్యాప్‌టాప్‌లోకి తొంగి చూసి అడిగిన ప్రశ్న ఇది. అప్పుడు నేను వర్మ్ ఆన్‌లైన్‌లో ఓ గుట్టని తవ్వుతున్నాను. పారతో ఒక వేటు, కొన్ని సెకన్లు ఆగడం, సంచిలో ఒక కుప్ప మట్టి. మళ్ళీ వేటు. పావుగంట ఓపిగ్గా చూశాడు పాపం. గుట్ట గుట్టలాగే ఉంది. టీ కూడా పూర్తిగా తాగకుండా ఆ తీర్పు పారేసి వెళ్ళిపోయాడు.

అప్పటికి నవ్వేశాను. కానీ ఈ ఆట ఆడేవాళ్ళూ, ఆడి మానేసినవాళ్ళూ ఇదే మాట రకరకాలుగా అనడం ఏళ్ళ తరబడి వింటున్నాను. "మహా మందకొడి", "రెండో ఉద్యోగం", "జీతం రాని కూలి".. ఇక లాభం లేదు, ఒకసారి తీరిగ్గా జవాబు చెప్పేద్దామని కూచున్నాను.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. వర్మ్ ఆన్‌లైన్ స్వీడన్‌లో పుట్టింది. రోల్ఫ్ యాన్సన్, మార్కస్ పెర్సన్ అనే ఇద్దరు 2003 ప్రాంతంలో మొదలుపెట్టారు, 2006లో పూర్తి స్థాయిలో విడుదలైంది. రాసింది జావాలో (మనవాళ్ళే :)). మధ్యయుగాల నాటి ప్రపంచం. వేలు పట్టుకుని నడిపించే కథ లేదు. చేతికి ఓ గొడ్డలి, పార, పికాక్సు లాంటి పనిముట్లు ఇచ్చి వదిలేస్తారు. ఇల్లు కావాలా, చెట్టు కొట్టు, దుంగలు చెయ్యి, పలకలు కొయ్యి, మేకులకి ఇనుప రాయి తవ్వి కొలిమిలో కరిగించు. ఓడ కావాలా, పలకలతో పాటు తాళ్ళకి నార పంట వెయ్యాలి, తారు గుంటలోంచి తారు తవ్వాలి, తెరచాపకి గుడ్డ నేయాలి. వందకి పైగా విద్యలున్నాయి, ప్రతిదీ 100 దాకా పెరుగుతుంది. పైకి పోయేకొద్దీ పెరగడం నెమ్మదిస్తుంది. 20 దాకా రోజుల్లో పోతుంది, 90 అంటే నెలలు, కొందరికి ఏళ్ళు.

ఇక అభియోగాలకి వద్దాం.

మొదటిది అందరూ అనేదే. "అంతా బాగానే ఉంది, కాస్త స్పీడు పెంచొచ్చుగా?"

అయ్యా, పెంచి చూశాం. 2015లో వాళ్ళే వర్మ్ అన్‌లిమిటెడ్ అని ఒకటి వదిలారు. సొంత సర్వరు పెట్టుకోవచ్చు, విద్యలు ఎంత వేగంగా పెరగాలో, పని ఎంత సేపు పట్టాలో మనమే సెట్ చేసుకోవచ్చు. నేనూ, నా పాత రూమ్మేట్లు ముగ్గురూ కలిసి ఒక సర్వరు అద్దెకి తీసుకున్నాం. మనం ఇంజినీర్లం కదా, కాన్‌ఫిగ్ ఫైలు కనబడితే చేతులు ఊరుకోవు. అన్నీ పదింతలు చేసేశాం.

మొదటి వారాంతం పండగే పండగ. మూడో వారానికి నలుగురికీ నాలుగు కోటలు, నాలుగు కొలుములు, నాలుగు ఓడలు. ఎవడి తాడు వాడే పేనుకున్నాడు, ఎవడి కత్తి వాడే సాగగొట్టుకున్నాడు. ఒకడిని ఇంకొకడు ఏదైనా అడగాల్సిన అవసరం ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. ఐదో వారానికి నేనొక్కణ్ణే లాగిన్ అయ్యేవాణ్ణి. ఆఖరి బిల్లు కట్టేసి మూసేశాను. "గేమ్‌లో ఇంకేం లేదురా" అన్నాడు మావాడొకడు. గేమ్‌లో ఉండాల్సినవన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఒకడితో ఒకడికి పని.

నేను చెప్పదల్చుకున్నది ఇదే. ఈ ఆటలో నెమ్మదితనం లోపం కాదు. ఆట మొత్తాన్ని నిలబెట్టే గుంజ అదే. ఒక మనిషి అన్ని విద్యలూ నేర్చుకోలేనంత నెమ్మదిగా ఉంది కాబట్టే కమ్మరి ఒకడు, వడ్రంగి ఒకడు, రైతు ఒకడు అవుతారు. అవుతారు కాబట్టే ఒకడి గుమ్మంలోకి ఒకడు వెళ్ళాలి. గుంజ పీకేస్తే పందిట్లో గాలి బాగా ఆడుతుంది, నిజమే. కానీ ఎంతసేపు?

అసలు సర్వరులో నా పొరుగాయన ఫిన్లాండువాడు. రిటైరైన మనిషి. తాళ్ళూ, గుడ్డా ఆయన పని. నాకు తవ్వడం తప్ప ఏదీ సరిగ్గా రాదు. ఆయన ఇంటి ముందు దిబ్బ చదును చేసిపెట్టాను, నా మొదటి ఓడకి తాళ్ళు ఆయనిచ్చాడు. ఓసారి నెల రోజులు కనబడలేదు. అంతకుముందే తన ఊళ్ళో నాకు అనుమతులు ఇచ్చి ఉన్నాడు కాబట్టి ఆయన ఆవులకి మేత నేనే చూశాను. తిరిగొచ్చాక చెప్పాడు, గుండె ఆపరేషన్ అయిందట. ఆవుల్ని లెక్కపెట్టుకుని చాలాసేపు ఏమీ టైపు చెయ్యలేదు.

మా అపార్టుమెంటులో ఎదురు ఫ్లాటు ఆయన పేరు నాకిప్పటికీ తెలీదు. తెలుసుకోవాల్సిన పని పడలేదు మరి. కొత్తిమీర కూడా పది నిమిషాల్లో గుమ్మంలోకి వస్తుంటే పక్కింట్లో ఎవడడుగుతాడు!

రెండో అభియోగం డబ్బుది. "నెలసరి చందా గుంజడానికే ఇంత నెమ్మదిగా పెట్టారు." ఇందులో కొంత నిజముంది, ఒప్పుకుంటాను. ఉచితంగా ఆడేవాళ్ళకి ఏ విద్యా 20 దాటదు. నెలలు పట్టే ఆటలో నెలకింత అంటే ఎవరికి లాభమో తెలియనంత అమాయకులం కాదు. కానీ మీ ఫోన్లో ఉన్న ఆటల్ని ఓసారి చూడండి. అక్కడ గోడ కట్టడానికి ఎనిమిది గంటలు పడుతుంది, డబ్బు పారేస్తే ఇప్పుడే అయిపోతుంది. అక్కడ ఆలస్యాన్ని తయారుచేసేదే దాన్ని తప్పించడం అమ్ముకోవడానికి. వర్మ్ వాళ్ళు ఆటలో చెల్లే నాణేలు అమ్మారు గానీ విద్యని మాత్రం అమ్మలేదు. ఆ తేడా చిన్నది కాదు. నా కోపమల్లా ఆటగాళ్ళ మీదే. తయారైన ఖాతా మొత్తాన్ని బేరం పెట్టి కొనుక్కునేవాళ్ళున్నారే, వాళ్ళ మీద. 90 కమ్మరం కొనుక్కున్న మర్నాడే "ఇక్కడ చెయ్యడానికేం లేదు" అని వాళ్ళే మొదట గొణుగుతారు.

మూడోది మన జాతికి మాత్రమే పుట్టే ఆలోచన. "ఒక స్క్రిప్టు రాసి పడేస్తే పోలా?"

రాశాను. నియమాలకి విరుద్ధమని తెలిసే రాశాను. రెండు రాత్రులు కష్టపడి, తవ్వు, ఆగు, సంచి నిండితే కింద పొయ్యి, మళ్ళీ తవ్వు. నడిపించేసి భోజనానికి లేచాను. వచ్చి చూసేసరికి చాట్‌లో పొరుగాయనవి ఆరు వాక్యాలు. మొదటిది పలకరింపు. రెండోది వాళ్ళ ఊళ్ళో మంచు పడుతోందని. తర్వాత ఏదో అడిగాడు. ఆఖరిది, "నువ్వు బాగానే ఉన్నావా?"

నా బొమ్మ ఆయన పక్కనే నిలబడి పావుగంటగా తవ్వుతోంది. ఒక్క మాట పలకలేదు.

స్క్రిప్టు తీసేశాను. దొరికిపోతానన్న భయంతో కాదు. మాక్రో మట్టి తవ్వగలదు, మాట కలపలేదు. నేనక్కడికి వెళ్తున్నది మట్టి కోసం కాదని అప్పటిదాకా నాకే సరిగ్గా తెలీదు.

నాలుగోది, "జనం ఎప్పుడో తీర్పు చెప్పేశారు" అనేది. మొదట చెప్పిన ఇద్దరిలో పెర్సన్ 2007లో వర్మ్ వదిలేశాడు. 2009లో ఆయన బయటపెట్టిందే మైన్‌క్రాఫ్ట్. 2014లో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని 250 కోట్ల డాలర్లకి కొంది. అక్కడ మట్టి గడ్డ సెకనులో ఊడొస్తుంది, కాబట్టి వేగమే గెలిచింది అంటారు. మా అమ్మాయి మైన్‌క్రాఫ్ట్ ఆడుతుంది, నాకూ ఇష్టమే. అది ఊహకి ఆట. మనసులో ఉన్నది చకచకా కట్టేసుకోవాలి, అక్కడ వేగం కావాలి. ఇది ఊరికి సంబంధించిన ఆట. చెరువులో ఈదడం, చెరువు తవ్వడం రెండూ నీళ్ళ దగ్గరి పనులే అని ఒకే గడియారంతో కొలిస్తే ఎలా?

ఇన్ని చెప్పాను కదా, నా వాదానికి ఉన్న చిల్లు కూడా నేనే చూపిస్తాను. పక్కన మనిషి లేకపోతే ఈ నెమ్మదితనం ఒట్టి నెమ్మదితనమే. చుట్టూ కూలిన కంచెలు, పాడుబడ్డ ఇళ్ళు ఉన్న చోట ఒక్కడే కూచుని తవ్వేవాడికి నేను చెప్పినవేవీ వర్తించవు. అతను మానేస్తే తప్పు అతనిది కాదు. 2014లో జనాడూ అని పేద్ద భూభాగం తెరిచారు. నేల బోలెడు వచ్చింది, పొరుగు దూరమైంది. 2020లో ఆట స్టీమ్‌లోకి వచ్చినప్పుడు కొత్త దీవుల్లో జనం ఒక్కసారిగా దిగారు. ఆ మొదటి నెలల్లో "స్లో" అని ఏడ్చినవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు. వేగం అదే, పక్కన మనుషులున్నారు, అంతే. కాబట్టి ఆట తయారుచేసేవాళ్ళని అడగాల్సింది వేగం పెంచమని కాదు, మమ్మల్ని దగ్గర దగ్గరగా ఉంచమని. చంటిపిల్లలున్నవాళ్ళు, రిలీజ్ నెత్తి మీదున్నవాళ్ళు ఈ ఆట జోలికి రావొద్దని కూడా నేనే చెబుతున్నాను. మా ఆవిడ చదివితే నవ్వుతుంది గానీ, ఇది అనుభవంతో చెబుతున్న మాట.

ఇంతకీ మా కుర్రాడు ఆ రోజు గుట్ట ఎందుకు తవ్వుతున్నానో అడగలేదు. ఫిన్లాండాయన పొలానికీ, ఒడ్డుకీ మధ్యన ఉందది. బండి ఎక్కలేనంత నిటారు. ఆయన సరుకంతా చుట్టూ తిప్పి తోలుకునేవాడు. తవ్వడం నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు బండి తిన్నగా ఓడ దాకా పోతుంది, ఆయనదే కాదు, ఆ దారిన వచ్చే ముక్కూ మొహం తెలియనివాళ్ళది కూడా.

అవును తమ్ముడూ, ఉపాధి హామీ పనే. ఊరికి రోడ్డు పడేది దాంతోనే కదా.