అడవిపందిని కొట్టే గుండులో సీసం ఎందుకు?

పై వీడియోలో మా పల్లీ చేను చూశారు కదా. ఒక్క రాత్రిలో అడవిపందులు అర ఎకరం తవ్విపోశాయి. వీడియో చివర్లో "పర్మిషన్ తీసుకుని షూటర్‌ను పిలిపించాం, ఇక బాధ లేదు" అని చెప్పాను. నేను చెప్పింది సగమేనని తర్వాత తెలిసింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నా.

మా పొలం యాదాద్రి భువనగిరి జిల్లాలో, గుట్టల పక్కన. ఆదివారం ఆదివారం ఉప్పల్ మీదుగా తార్నాక వచ్చి ఇంటింటికీ కూరగాయలు, పల్లీలు, గానుగ నూనె ఇస్తాను. ఉస్మానియా క్యాంపస్‌లో కూడా కొన్ని ఇళ్లున్నాయి. తార్నాకలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన ఒక మేడమ్ మొదటి నుంచీ మా దగ్గరే కొంటారు. ఆ వారం అడిగారు.

"ఏం బాబూ, పందుల బాధ తీరిందా?"

"తీరింది మేడమ్. మూడింటిని కొట్టారు."

"ఏ గుండుతో?"

"తుపాకీ గుండే మేడమ్."

"అది సరే, సీసమా, రాగా?"

నా దగ్గర జవాబు లేదు. ఆమె నవ్వి, "యూరియా బస్తాను గేటు దాటనివ్వవు, సీసాన్ని మాత్రం రానిచ్చావా?" అన్నారు. కోపంగా అనలేదు కానీ నాకు గట్టిగానే తగిలింది. పీజీఎస్ కాగితాలు నింపినప్పుడు ఎరువు, విత్తనం, పురుగుమందు అన్నీ రాశాను. గుండు సంగతి ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు.

అక్కడి నుంచి క్యాంపస్‌లోకి వెళ్తుంటే రోడ్డు పక్కన నెమళ్లు మేస్తున్నాయి. పక్షికి పళ్లుండవు కాబట్టి గింజ అరగడానికి చిన్న చిన్న రాళ్లు మింగుతుంది. మన నాటుకోడి కూడా అంతే. పన్నెండు బోరు తూటాలోని సీసం రవ్వ ఆ రాళ్ల సైజులోనే ఉంటుంది. రాయికీ రవ్వకీ తేడా దానికేం తెలుసు? లోపల రాళ్ల మధ్య నలిగి, ఆ రవ్వ కరిగి రక్తంలో కలుస్తుంది.

రైఫిల్ గుండు సంగతి ఇంకోలా ఉంటుంది. సీసం మెత్తటి లోహం. వేగంగా పోయి ఎముకకు తగిలితే గుండు చిట్లి, కంటికి కనపడనంత చిన్న ముక్కలై గాయానికి చాలా దూరం దాకా మాంసంలో చెదిరిపోతుంది. ఎక్స్‌రే తీస్తేనే తెలుస్తుంది. ఆ కళేబరాన్ని కుక్కలు, నక్కలు, గద్దలు తింటాయి. ఇంకో మాట కూడా చెప్పాలి. చంపిన పందిని పూడ్చాలి, మాంసం పంచుకోవడం నేరం. అయినా ఊళ్లలో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. ఆ కూర పిల్లలూ తింటారు. పిల్లల మెదడుకు సీసం ఎంత కొంచెమైనా మంచిది కాదు, ఇంతవరకు పర్వాలేదనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. దేశం ఏం తినాలో చెప్పే జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది ఈ తార్నాకలోనే. దాని గేటు ముందు నుంచే ప్రతి వారం నా బండి పోతుంది.

రాబందుల కథ గుర్తు చేసుకోండి. పశువుల నొప్పికి డైక్లోఫెనాక్ ఇచ్చాం. చచ్చిన పశువును తిని రాబందులు లక్షల్లో పోయాయి. 2006లో పశువులకు ఆ మందు ఆపేటప్పటికే ఆలస్యమైంది. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో పాలరాపు గుట్ట మీద మిగిలిన కొన్నింటిని కాపాడే ప్రయత్నం జరిగింది. అమెరికాలో కాండోర్ అనే పెద్ద రాబందుకు సీసం గుండ్లే ముప్పు అయ్యాయి. అందుకే కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసం గుండ్లు పూర్తిగా ఆపేశారు. డెన్మార్క్ సీసం రవ్వలను 1996లోనే, రైఫిల్ సీసం గుండ్లను 2024లో నిషేధించింది. అక్కడ వేట ఆగలేదు, గుండు మారింది అంతే.

"రాగి కూడా లోహమే కదా" అని ఒక అన్న అడిగాడు. నిజమే, ఎక్కువైతే రాగీ మంచిది కాదు. కానీ రాగి గుండు విచ్చుకుంటుంది తప్ప సీసంలా చిట్లదు, చాలావరకు ఒకే ముక్కగా ఉంటుంది. రాగి చెంబులో నీళ్లు తాగినవాళ్లం మనం, సీసం చెంబులో ఎవరైనా తాగారా? ఇబ్బందులు లేవనను. రాగి గుండు ధర ఎక్కువ. సీసం కంటే తేలిక కాబట్టి షూటర్ తుపాకీ గురి మళ్లీ సరిచేసుకోవాలి. రవ్వల్లో సీసం బదులు ఉక్కు వాడితే, పాత తుపాకీ గొట్టాలు దానికి తట్టుకుంటాయో లేదో ముందే చూపించుకోవాలి. దొరకడం కూడా కష్టమే. కానీ అడిగేవాడే లేకపోతే ఎవరు తెచ్చి పెడతారు?

పందిని కొట్టొద్దని నేననను. పంట పోయిన రైతుకు నీతులు చెప్పడం తేలిక. వన్యప్రాణి చట్టం సెక్షన్ 11 కింద, పంట నష్టానికి పర్మిషన్‌తో కొట్టడానికి దారి ఉంది. మన దగ్గర 2021లో సర్పంచులకు ఆ పర్మిషన్ ఇచ్చే అధికారం వచ్చింది. ముందు గట్ల మీద ఆముదం, కుసుమ వేయండి, సోలార్ కంచె పెట్టండి, రాత్రి కాపలా ఉండండి. కరెంటు తీగలు, నాటు బాంబులు మాత్రం వద్దే వద్దు, వాటికి మనుషులూ పశువులూ బలవుతున్నారు. ఇవేవీ ఆగకపోతేనే తుపాకీ.

తుపాకీ తప్పదనుకుంటే నేను అడిగేవి మూడు. పర్మిషన్ కాగితంలో "సీసం లేని గుండు" అన్న మాట చేర్చాలని గ్రామసభలో, అటవీ శాఖ ముందు మనమే అడగాలి. ఎక్కువయ్యే ఖర్చు రైతు సంఘం పంచుకోవాలి. అది దొరికే దాకా, కొట్టిన ప్రతి పందినీ కుక్కలు తవ్వలేనంత లోతుగా, బావికీ వాగుకూ దూరంగా పూడ్చాలి. గాయపడి పారిపోయినదాన్ని వెతికి పట్టాలి, ఎందుకంటే పొదల్లో చచ్చిన పందే గద్దకు దొరుకుతుంది.

ఈసారి మా చేన్లో పల్లీ చుట్టూ నాలుగు వరసలు కుసుమ వేస్తున్నా. మళ్లీ షూటర్‌ను పిలవాల్సి వస్తే, చార్జీ ఎంతని అడిగే ముందు గుండు ఏమిటని అడుగుతా. మీరూ అడగండి. తార్నాక మేడమ్‌కు ఈసారి నేను జవాబు చెప్పగలగాలి.