మజ్లూంని జాలిం చేసిన కత్తెర

1991 జనవరిలో అమెరికాలోని టెక్సాస్‌లో ఓ హైస్కూలు కుర్రాడు క్లాసులో అందరి ముందే తుపాకీతో ప్రాణం తీసుకున్నాడు. ఆ ఖబర్ చదివి పెర్ల్ జామ్ బ్యాండు ‘జెరెమీ’ పాట కట్టింది. 1992లో మార్క్ పెల్లింగ్టన్ దాన్ని వీడియోగా తీశాడు. అందులో తోటి పిల్లలు కుర్రాణ్ని వేలెత్తి చూపి నవ్వుతారు. ఆఖర్న వాడు తుపాకీ తనమీదే పెట్టుకునే షాట్ ఉంది. ఎంటీవీ దాన్ని కోయించింది. మిగిలిందేమిటి? బట్టలమీద ఖూన్ చిందిన పిల్లలు. వాళ్లను వాడే కాల్చాడనుకున్నారు చాలామంది!

చూశారా జనాబ్, కత్తెర కమాల్? మజ్లూం జాలిం అయిపోయాడు, నవ్వినవాళ్లు మాసూములయ్యారు. ఆ వీడియోకే 1993లో ఎంటీవీ నాలుగు అవార్డులిచ్చింది. కోతల్లేని వీడియోని బ్యాండు అధికారికంగా నెట్‌లో పెట్టింది 2020లో.

పిల్లలకు తుపాకీ చూపొద్దంటారా? మంజూర్. కానీ చచ్చింది ఎవరో చెప్పాలా వద్దా? జుల్మ్ అంజామ్‌ని దాచడం తహజీబ్ కాదు, జుల్మ్‌కి పరదా కట్టడం. ఏడిపించినవాళ్లు బరీ, ఖామోష్‌గా చూసిన పెద్దలు బరీ, చచ్చినవాడికి బద్నామీ. ఇదేం ఇన్సాఫ్?

తుపాకీ చూపక్కర్లేదు. మర్నాడు క్లాసులో వాడి ఖాళీ కుర్చీ చూపండి, చాలు.