కోడిపిల్ల బొమ్మ కాదండీ

వేసవి సెలవులు రాగానే వీధుల్లోకి రంగు కోడిపిల్లలవాడు వస్తాడు. గులాబి, ఆకుపచ్చ, నీలం... సైకిల్ వెనక బుట్టలో కిచకిచమంటూ ఉంటాయి. పిల్లలు "అమ్మా, ఒక్కటే" అని కొంగు పట్టుకుంటారు. పదో ఇరవయ్యో పడేస్తే గోల వదులుతుందని తల్లులు కొనేస్తారు. నేను కొనను. మిమ్మల్నీ కొనవద్దనే అంటాను.

ముందు అవి ఎక్కడివో చూద్దాం. ఎక్కువగా గుడ్ల జాతి కోళ్ల హేచరీల్లో పుట్టిన మగపిల్లలు. పెద్దయినా గుడ్డు పెట్టవు, మాంసానికి త్వరగా ఒళ్లు చేయవు. అందుకని పుట్టినరోజే వాటిని దండగ కింద తీసేస్తారు. అలా తీసేసినవాటికి రంగు పూసి మన పిల్లలకి అమ్ముతారు. "ఆడపిల్ల దండగ" అనే మాట వింటూ పెరిగిన మనకి ఈ లెక్క ఎలాంటిదో వేరే చెప్పాలా?

"బుట్టలో భలే హుషారుగా ఉందండీ, ఇంటికి తెచ్చాక ఏమైందో" అంటారు చాలామంది. గుడ్డులోంచి వచ్చేముందు పిల్ల పచ్చసొనని కడుపులోకి లాక్కుంటుంది. దాంతో రెండు మూడు రోజులు మేత లేకపోయినా నెట్టుకొస్తుంది. మన గుమ్మంలోకి వచ్చేసరికి ఆ నిల్వ కాస్తా అయిపోవచ్చు. పైగా మొదటి వారం దానికి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. ఈకలు సరిగ్గా వచ్చేదాకా, అంటే ఐదారు వారాలు, కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆ వేడి ఇవ్వాలి. ఊళ్లో ఈ పని తల్లికోడి రెక్కల కింద జరిగిపోయేది. మనం ఇచ్చేదేమిటి? అట్టపెట్టె, గుప్పెడు నూకలు, రాత్రి కూలర్ గాలి. ఎల్‌ఈడీ బల్బు పెడితే వెలుగొస్తుంది కానీ వేడి రాదు.

తెల్లారి అది చచ్చిపోయి ఉంటే, పిల్లలు లేవకముందే కాగితంలో చుట్టి పారేసి, "వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయిందమ్మా" అని చెప్తాం. దానికి అమ్మ ఎక్కడిది? మిషన్లో పొదిగిన పిల్ల అది!

"పిల్లలకి జాలి అలవాటవుతుంది కదా" అనే వాదన ఒకటుంది. చేతిలో నలిపి, ఎగరేసి, అది చస్తే మర్నాడు ఇంకో రంగుది కొనుక్కునే పిల్లవాడికి అలవాటయ్యేది జాలి కాదు. ప్రాణం పోయినా పదిరూపాయలకి మళ్లీ దొరుకుతుందన్న ధీమా.

"చికెన్ తింటూ ఈ నీతులేమిటి" అంటారు మగవాళ్లు. మా ఇంట్లో కూడా ఆదివారం కోడికూర వండుతాను. తినడానికి పెంచినదాన్ని తినడం వేరు, ఆడుకుని చంపడం వేరు. కోసి అమ్మేవాడు కూడా కోడిని ఆటవస్తువు అనడు.

ఇక చాకిరీ సంగతి. "పిల్లలే చూసుకుంటారులే" అన్న మాట మూడు రోజులు కూడా నిలవదు. రెట్టలు ఎత్తేది, నీళ్లు మార్చేది, పిల్లి రాకుండా కాపలా కాసేది ఎవరో మనకి తెలుసు. కోళ్ల నుంచి సాల్మొనెల్లా అనే క్రిమి అంటుకోవచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించాలి, ఐదేళ్లలోపు పిల్లల చేతికి అసలు ఇవ్వకూడదు. ఈ పనంతా మన నెత్తిన పడేటప్పుడు, వద్దనే హక్కు కూడా మనదే కదా!

కోళ్లని పెంచుకోవద్దని నేననడం లేదు. అవి మనిషిని గుర్తుపడతాయి, పిలిస్తే పరిగెత్తుకొస్తాయి. కానీ పెంచితే పెంపకంలాగా పెంచండి. పెరడు ఉంటేనే తెచ్చుకోండి. ఒంటరి కోడి బెంగపడుతుంది కాబట్టి రెండు మూడు పెట్టలైనా ఉండాలి. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ జాతులు పెరటి పెంపకానికే ఉద్దేశించినవి. కాస్త ఎదిగినవాటిని తెచ్చుకుంటే వేడి పెట్టే బాధ ఉండదు. కొక్కెర తెగులుకి టీకా వేశారో లేదో అడగండి. రాత్రికి గట్టి తలుపున్న గూడు ఉండాలి. కోడి ఐదారేళ్లకి పైనే బతుకుతుంది, గుడ్లు మాత్రం రెండేళ్ల తర్వాత తగ్గిపోతాయి. అప్పుడు దాన్నేం చేస్తారో తెచ్చుకునేముందే ఇంట్లో అందరూ కూర్చుని అనుకోండి.

జంతువుల మీద క్రూరత్వం తప్పని 1960లోనే చట్టం వచ్చింది. అయినా పొట్టకూటికి తిరిగే ఆ బుట్టవాణ్ణి పోలీసులకి పట్టివ్వమని నేననను. కొనేవాళ్లు లేకపోతే అమ్మేవాడు తనే మానేస్తాడు. కొనేది మనం. ఈ సెలవుల్లో మీ పిల్లలు కొంగు పట్టుకుంటే, "వద్దు" అనడంతో సరిపెట్టకండి. ఎందుకు వద్దో కూర్చోబెట్టి చెప్పండి. ఆ జాలేదో అక్కడే మొదలవుతుంది.